నెట్‌వర్క్‌కు కొలబద్ద

పాఠ్యభాగ పరిచయం

కొలవకుండా చెప్పిన మాట అభిప్రాయం. కొలిచి చెప్పిన మాట ఆధారం. వైద్యుడు జ్వరాన్ని ఉష్ణమాపకంతోను, వ్యాపారి ధాన్యాన్ని తూకంతోను నిర్ణయించినట్లే, కంప్యూటర్ల మధ్య సాగే సమాచార ప్రసారాన్ని కూడా కొలిచి నిర్ణయించవలసి ఉంటుంది. ఆ కొలతకు ఉపకరించే ఒక ప్యాకేజీని కమాండ్ లైన్ ద్వారా కంప్యూటర్‌లో స్థాపించడం, నిర్వహించడం, అవసరం తీరిన తరువాత తొలగించడం ఎలాగో ఈ పాఠం వివరిస్తుంది. అటువంటి పరీక్షోపకరణాల వెనుక ఉన్న చరిత్రను, వాటిని వాడేవారు పాటించవలసిన బాధ్యతను కూడా తెలియజేస్తుంది.

పాఠం

ఒక ఫిర్యాదు - అనేక కారణాలు

ఒక కళాశాలలోని కంప్యూటర్ ప్రయోగశాలను ఉదాహరణగా తీసుకోవచ్చు. అందులో నలభై కంప్యూటర్లు ఉన్నాయి. "నెట్ నెమ్మదిగా ఉంది" అని విద్యార్థులు అధ్యాపకునికి ఫిర్యాదు చేస్తారు. ఇంటర్నెట్ అందించే సంస్థదే లోపమని అధ్యాపకుడు భావిస్తాడు. తమ తీగ సక్రమంగానే ఉందని, లోపం కళాశాల లోపలి అమరికలో ఉందని సంస్థ ఉద్యోగి చెబుతాడు. కంప్యూటర్లు పాతబడ్డాయని, కొత్తవి కొనాలని ప్రయోగశాల సహాయకుడు అంటాడు. ప్రతి ఒక్కరి మాటలోను నమ్మకం ఉంది. ఏ ఒక్కరి మాటలోను కొలత లేదు.

ఇటువంటి వివాదం చిన్నదిగా కనిపించినా దాని ఫలితం చిన్నది కాదు. కారణం తెలియకుండా కొత్త కంప్యూటర్లు కొంటే కళాశాల ధనం వృథా అవుతుంది. ఆన్‌లైన్ పరీక్ష జరిగే రోజున అదే లోపం తలెత్తితే విద్యార్థి శ్రమ వృథా అవుతుంది. కార్యకారణాలను వేరు చేసి చూడగలిగినప్పుడే పరిష్కారం దొరుకుతుంది.

అసలు "నెమ్మది" అనే మాటలోనే మూడు వేర్వేరు విషయాలు కలిసి ఉన్నాయి. వాటిని అర్థం చేసుకోవడానికి పంట కాలువ చక్కని పోలిక. తూము ఎత్తిన తరువాత నీరు చివరి పొలానికి చేరడానికి పట్టే సమయం ఒకటి. కాలువలో గంటకు పారే నీటి పరిమాణం రెండవది. దారిలో గండ్లు పడి ఇంకిపోయే నీరు మూడవది. నెట్‌వర్క్‌లో మొదటిదాన్ని జాప్యం అని, రెండవదాన్ని ప్రసార సామర్థ్యం అని, మూడవదాన్ని నష్టం అని వ్యవహరించవచ్చు. వెడల్పైన కాలువ కూడా దూరమైతే నీరు ఆలస్యంగానే చేరుతుంది. దగ్గరి కాలువ కూడా ఇరుకైతే పొలం తడవదు. కనుక ఏది లోపించిందో తెలియాలంటే దేనికి తగిన కొలబద్దతో దాన్ని కొలవాలి.

పింగ్ పుట్టుక

జాప్యాన్ని కొలిచే ఉపకరణాలలో ప్రసిద్ధమైనది పింగ్. దీన్ని 1983 డిసెంబరులో మైక్ మూస్ రచించాడు. ఆయన అమెరికా సైన్యానికి చెందిన బాలిస్టిక్ రీసెర్చ్ లేబరేటరీలో పనిచేసేవాడు. అక్కడి నెట్‌వర్క్ ఒకనాడు వింతగా ప్రవర్తించింది. దాని కారణం కనుగొనడానికి ఒక చిన్న ఉపకరణం అవసరమని ఆయనకు తోచింది. ఆ రాత్రే కూర్చుని సుమారు వెయ్యి పంక్తుల ప్రోగ్రామును రాసి ముగించాడు. విచిత్రమేమంటే, ఆ పని పూర్తయ్యేసరికి నెట్‌వర్క్‌లోని లోపాన్ని ఇతరులు సరిచేశారు. ఏ లోపం కోసం పుట్టిందో ఆ లోపానికి పింగ్ ఉపయోగపడలేదు. ఆ తరువాత లోకంలోని లెక్కలేనన్ని లోపాలకు ఉపయోగపడింది.

జలాంతర్గాములలో వాడే సోనార్ నుంచి ఈ పేరు వచ్చింది. సోనార్ నీటిలోకి ధ్వనిని పంపి, అది అడ్డువచ్చిన వస్తువును తాకి తిరిగి వచ్చే సమయాన్ని బట్టి దూరాన్ని లెక్కిస్తుంది. పింగ్ కూడా ఒక చిన్న సందేశాన్ని దూరాన ఉన్న కంప్యూటర్‌కు పంపుతుంది. ఆ కంప్యూటర్ అదే సందేశాన్ని తిప్పి పంపుతుంది. వెళ్ళి వచ్చిన సమయాన్ని పింగ్ మిల్లీసెకన్లలో చూపుతుంది. ఈ ప్రశ్నకు, ప్రత్యుత్తరానికి కావలసిన నియమాలు 1981లోనే ఇంటర్నెట్ ప్రమాణాలలో చేరాయి. వాటికి ప్రతిధ్వని అనే అర్థం గల పేరే పెట్టారు.

పింగ్ వాడుకకు సంబంధించి మూస్ స్వయంగా చెప్పిన ఒక కథ ఉంది. ఒక నెట్‌వర్క్ నిర్వాహకునికి తన భవనంలోని తీగల్లో ఎక్కడో వదులైన బిగింపు ఉన్నదని తెలుసు. ఎక్కడ ఉన్నదో తెలియదు. ప్రత్యుత్తరం వచ్చిన ప్రతిసారీ "పింగ్" అని కంప్యూటర్ బిగ్గరగా పలికేలా ఆయన ఏర్పాటు చేశాడు. ఆ ధ్వనిని గదిలోని స్టీరియోకు కలిపాడు. సెకనుకొకసారి పింగ్, పింగ్ అని భవనమంతా మారుమోగుతుండగా, గదులన్నీ తిరుగుతూ ఒక్కొక్క బిగింపును కదిలించి చూశాడు. ఒకచోట కదిలించగానే ధ్వని ఆగిపోయింది. లోపం దొరికింది. ఉపకరణం చిన్నదైనా ఆలోచన తోడైతే ఫలితం పెద్దదని ఈ కథ తెలుపుతుంది. మూస్ 2000 నవంబరులో ఒక రోడ్డు ప్రమాదంలో మరణించాడు. ఆయన రాసిన ఉపకరణం నేటికీ దాదాపు ప్రతి కంప్యూటర్‌లోను ఉంది.

జాప్యానికి ప్రకృతి పెట్టిన హద్దు

పింగ్ చూపే సంఖ్యను అర్థం చేసుకోవడానికి ఒక భౌతికశాస్త్ర నియమం తెలిసి ఉండాలి. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2,00,000 కిలోమీటర్ల వేగంతో ప్రయాణిస్తుంది. అంటే వెయ్యి కిలోమీటర్లు పోవడానికి 5 మిల్లీసెకన్లు, పోయి రావడానికి 10 మిల్లీసెకన్లు పడుతుంది. హైదరాబాదు నుంచి ఢిల్లీకి గగన మార్గంలో దూరం సుమారు 1,250 కిలోమీటర్లు. కనుక ఎంత ఖరీదైన యంత్రాలు అమర్చినా ఆ రెండు నగరాల మధ్య ప్రతిధ్వని 12 మిల్లీసెకన్ల కంటె ముందుగా తిరిగి రాలేదు. తీగ నేరుగా పోదు, మధ్యలో యంత్రాలు ఉంటాయి. కాబట్టి వాస్తవంలో అంతకంటె ఎక్కువే పడుతుంది.

ఒకే గదిలోని రెండు కంప్యూటర్ల మధ్య తీగ మీద ప్రతిధ్వని సాధారణంగా ఒక మిల్లీసెకనులోపే వస్తుంది. అక్కడ 200 మిల్లీసెకన్లు కనిపిస్తే ఏదో లోపం ఉన్నట్టే. అదే సంఖ్య ఖండాంతరంలోని కంప్యూటర్‌కు కనిపిస్తే అది లోపం కాకపోవచ్చు. సంఖ్యను ఒక్కదాన్నే చూడరాదు. దూరంతో కలిపి చూడాలి. మరొక జాగ్రత్త కూడా అవసరం. కొన్ని కంప్యూటర్లు రక్షణ కోసం పింగ్‌కు జవాబు ఇవ్వవు. జవాబు రానంత మాత్రాన ఆ కంప్యూటర్ పనిచేయడం లేదని నిర్ణయించరాదు.

ప్రసార సామర్థ్యానికి ఐపెర్ఫ్3

పింగ్ జాప్యాన్ని, నష్టాన్ని చూపుతుంది గాని కాలువ వెడల్పును చూపదు. ఆ పనికి ఐపెర్ఫ్3 అనే ఉపకరణం ఉంది. దీన్ని అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాలకు చెందిన ఈఎస్‌నెట్ అనే సంస్థ రూపొందించింది. శాస్త్రవేత్తల ప్రయోగాల నుంచి వెలువడే అపార సమాచారాన్ని ఒక ప్రయోగశాల నుంచి మరొక ప్రయోగశాలకు చేరవేయడం ఈఎస్‌నెట్ ప్రధాన కర్తవ్యం. అందుచేత తమ మార్గాల శక్తిని తామే కొలుచుకోవలసిన అవసరం వారికి ఏర్పడింది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన పాత ఐపెర్ఫ్ అప్పటికే ఉన్నా, 2009లో వారు కొత్తదాన్ని మొదటి నుంచి రాయడం ప్రారంభించారు. 2014 జనవరిలో ఐపెర్ఫ్3 తొలిసారి విడుదలైంది. అది ఉచితం, దాని మూలపాఠం అందరికీ అందుబాటులో ఉంది.

ప్యాకేజీ - భాండాగారం

లినక్స్ కంప్యూటర్లలో ఒక ఉపకరణాన్ని ప్యాకేజీ రూపంలో స్థాపిస్తారు. ప్యాకేజీ అంటే ఉపకరణం, దాన్ని ఎక్కడ ఉంచాలో తెలిపే సూచనలు, దానికి తోడుగా ఏవేవి కావాలో తెలిపే జాబితా - ఇవన్నీ కలిసిన ఒక మూట. ఇటువంటి మూటలను వేల సంఖ్యలో భద్రపరచిన చోటును భాండాగారం అనవచ్చు. ఈ పద్ధతిని పెంచి పోషించిన వాటిలో డెబియన్ ముఖ్యమైనది. దీన్ని ఇయాన్ మర్డాక్ అనే యువకుడు 1993 ఆగస్టులో ప్రకటించాడు. డెబ్రా అనే తన స్నేహితురాలి పేరును, ఇయాన్ అనే తన పేరును కలిపి డెబియన్ అని పేరు పెట్టాడు. నేడు విస్తృతంగా వాడుకలో ఉన్న ఉబుంటు దీని ఆధారంగా నిర్మితమైనదే.

తొలి రోజులలో ఒక ప్యాకేజీని స్థాపించడం కష్టంగా ఉండేది. ఒక మూటకు మరొక మూట, దానికి ఇంకొకటి కావలసి వచ్చేది. వాటిని వాడుకరి తానే వెతికి తెచ్చుకోవలసి వచ్చేది. 1999లో డెబియన్‌తో పాటు వెలువడిన ఆప్ట్ అనే నిర్వాహక ఉపకరణం ఈ భారాన్ని తగ్గించింది. ఏది కావాలో చెబితే చాలు. దానికి తోడు కావలసినవన్నీ అదే తెస్తుంది. పెళ్ళి వంటకు సరుకుల పట్టీ తెలిసిన వంటమనిషిని కుదుర్చుకున్నట్లు, వాడుకరి వంటకం పేరు చెప్పి నిశ్చింతగా ఉండవచ్చు.

స్థాపించే విధానం

ఆదేశాలను అక్షరాలలో టైపు చేసి కంప్యూటర్‌తో పని చేయించుకునే చోటును కమాండ్ లైన్ అంటారు. ఇక్కడ బొమ్మలు, బొత్తాలు ఉండవు. అందువల్ల మొదట కొంత బెరుకు కలగవచ్చు. కాని ఏ ఆదేశం ఇచ్చినదీ, ఏ జవాబు వచ్చినదీ పంక్తి వెంట పంక్తిగా కళ్ళ ఎదుట నిలిచి ఉంటుంది. పొరపాటు జరిగితే ఎక్కడ జరిగిందో వెనక్కి వెళ్ళి చూడవచ్చు. ఈ పాఠంలో తెలుగు లిపిలో ఇచ్చిన ఆదేశాలను కంప్యూటర్‌లో ఇంగ్లీషు చిన్న అక్షరాలతో, మాటకూ మాటకూ మధ్య ఖాళీ విడిచి టైపు చేయాలి.

మొదటి ఆదేశం: సుడో ఆప్ట్ అప్‌డేట్. భాండాగారంలో ఏమేమి ఉన్నాయో తెలిపే జాబితాను ఇది తాజాపరుస్తుంది. ఇది దేన్నీ స్థాపించదు. పట్టికను మాత్రమే కొత్తగా తెస్తుంది. సుడో అనే మాటకు ప్రత్యేక ప్రయోజనం ఉంది. కంప్యూటర్‌లో మార్పులు చేసే అధికారం సాధారణ వాడుకరికి ఉండదు. ఆ ఒక్క పనికి మాత్రం నిర్వాహకుని అధికారాన్ని సుడో ఇస్తుంది. అప్పుడు అది సంకేతపదాన్ని అడుగుతుంది. టైపు చేస్తున్నప్పుడు సాధారణంగా తెర మీద ఏమీ కనిపించదు. కీబోర్డు చెడిపోయిందని కంగారుపడనవసరం లేదు. పక్కన ఉన్నవారికి కనిపించకుండా అలా ఏర్పాటు చేశారు.

రెండవ ఆదేశం: ఆప్ట్ షో ఐపెర్ఫ్3. స్థాపించడానికి ముందే ఆ ప్యాకేజీ వివరాలను ఇది చూపుతుంది. ఏ సంచిక, ఎవరు నిర్వహిస్తున్నారు, ఎంత పరిమాణం, ఏ ఆధార ప్యాకేజీలు కావాలి అనే విషయాలు ఇందులో ఉంటాయి. చదవకుండా సంతకం చేయరాదన్న నీతి ఇక్కడ కూడా వర్తిస్తుంది.

మూడవ ఆదేశం: సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఐపెర్ఫ్3. లిబ్‌ఐపెర్ఫ్0 వంటి ఆధార ప్యాకేజీలతో సహా ఏమేమి స్థాపించబోతున్నదో ఆప్ట్ ముందుగా చెప్పి అనుమతి అడుగుతుంది. సరేననడానికి వై అనే అక్షరం నొక్కాలి. కొన్ని కొత్త సంచికలలో మరొక ప్రశ్న కూడా ఎదురవుతుంది. కంప్యూటర్ తెరిచిన ప్రతిసారీ ఐపెర్ఫ్3ను తనంతట తానుగా నడిపించమంటారా అని అది అడుగుతుంది. అవసరమైనప్పుడు మాత్రమే పరీక్షించేవారు వద్దు అని జవాబివ్వడం మంచిది. పనిలేని తలుపును తెరిచి ఉంచడం ఎవరికీ శ్రేయస్కరం కాదు.

చివరగా ఐపెర్ఫ్3 --వెర్షన్ అని టైపు చేస్తే దాని సంచిక సంఖ్య కనిపిస్తుంది. ఉపకరణం చేరిందనడానికి అదే నిదర్శనం.

పరీక్షించే విధానం

ఐపెర్ఫ్3తో పరీక్షించడానికి రెండు కంప్యూటర్లు కావాలి. ఒకటి వినేది, రెండవది పంపేది. మొదటిదానిలో ఐపెర్ఫ్3 -ఎస్ అని ఆదేశిస్తే అది సర్వరుగా మారి 5201 అనే ద్వారం వద్ద ఎదురుచూస్తుంది. రెండవదానిలో ఐపెర్ఫ్3 -సి అని టైపు చేసి, ఖాళీ విడిచి, మొదటి కంప్యూటర్ చిరునామాను ఇవ్వాలి. పరీక్ష పది సెకన్లు సాగుతుంది. సెకనుకొక పంక్తి చొప్పున ఎంత సమాచారం పోయిందో తెర మీద కనిపిస్తుంది. చివరి రెండు పంక్తులలో పంపినవారి లెక్క, అందుకున్నవారి లెక్క వేర్వేరుగా ఉంటాయి. చివర -ఆర్ అని పెద్ద అక్షరంతో చేర్చితే ప్రవాహం దిశ తిరగబడుతుంది. ఒక సర్వరు ఒక సమయంలో ఒక పరీక్షనే చేస్తుంది కనుక విద్యార్థులు వంతులవారీగా పరీక్షించాలి.

ఈ సంఖ్యలను చదవడంలో రెండు పొరపాట్లు తరచు జరుగుతాయి. మొదటిది బిట్‌కు, బైటుకు గల భేదాన్ని మరవడం. ఎనిమిది బిట్లు ఒక బైటు. సెకనుకు 100 మెగాబిట్ల మార్గంలో సెకనుకు 12.5 మెగాబైట్లే పోతాయి. 700 మెగాబైట్ల ఫైలు చేరడానికి కనీసం 56 సెకన్లు పడుతుంది. ఏడు సెకన్లలో రాలేదని ఫిర్యాదు చేయడం న్యాయం కాదు.

రెండవది పూర్తి సంఖ్య రాలేదని నిరాశపడడం. 1,000 మెగాబిట్ల తీగ మీద ఐపెర్ఫ్3 సుమారు 940 మెగాబిట్లను చూపుతుంది. మిగిలినది పోయినట్టు కాదు. ఉత్తరానికి కవరు, చిరునామా ఉన్నట్లే ప్రతి సమాచారపు ముక్కకు తొడుగు ఉంటుంది. తీగ మీద పోయే ప్రతి 1,538 బైట్ల స్థలంలో అసలు సమాచారం 1,448 బైట్లు మాత్రమే. అది సుమారు నూటికి 94 వంతులు. తొడుగు బరువును వాడుకరి సమాచారంగా లెక్కించరు.

ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. ఈ పరీక్ష కాలువను నింపి కొలుస్తుంది. సెకనుకు 50 మెగాబిట్ల వేగం గల మొబైల్ కనెక్షన్ మీద పది సెకన్ల పరీక్ష ఒక్కటే 62.5 మెగాబైట్లను ఖర్చు చేస్తుంది. రోజుకు పరిమితమైన డేటాతో చదువుకునే విద్యార్థి పదేపదే పరీక్షిస్తే కొలతకే డేటా కరిగిపోతుంది.

నిర్వహణ, తొలగింపు

స్థాపించడంతో బాధ్యత తీరదు. సుడో ఆప్ట్ అప్‌గ్రేడ్ అనే ఆదేశం కంప్యూటర్‌లో ఉన్న ప్యాకేజీలకు కొత్త సంచికలు వస్తే వాటిని తెస్తుంది. భద్రతా లోపాలను సరిచేసే సంచికలు కూడా ఈ దారినే వస్తాయి. ఒక ప్రయోగం మధ్యలో ఉపకరణం మారితే నిన్నటి కొలతకు, నేటి కొలతకు పోలిక చెడవచ్చు. అప్పుడు సుడో ఆప్ట్-మార్క్ హోల్డ్ ఐపెర్ఫ్3 అనే ఆదేశంతో దాన్ని తాత్కాలికంగా నిలిపి ఉంచవచ్చు. ప్రయోగం ముగిశాక అన్‌హోల్డ్ అని విడిచిపెట్టడం మరవరాదు. డీపీకేజీ -ఎల్ అని పెద్ద అక్షరంతో రాసి, తరువాత ప్యాకేజీ పేరు చేర్చితే ఆ ప్యాకేజీ ఏయే ఫైళ్ళను ఎక్కడెక్కడ ఉంచిందో తెలుస్తుంది. ఏ రోజున ఏది చేరిందో, ఏది తొలగిందో ఆప్ట్ తన చరిత్ర ఫైలులో నమోదు చేస్తుంది. అది నిర్వాహకునికి దినచర్య పుస్తకం వంటిది.

అవసరం తీరాక సుడో ఆప్ట్ రిమూవ్ ఐపెర్ఫ్3 అంటే ఉపకరణం తొలగిపోతుంది గాని, అమరికల ఫైళ్ళు మిగలవచ్చు. రిమూవ్‌కు బదులు పర్జ్ అంటే అవి కూడా పోతాయి. తోడుగా వచ్చి, ఇప్పుడు ఎవరికీ అక్కరలేని ప్యాకేజీలను సుడో ఆప్ట్ ఆటోరిమూవ్ తొలగిస్తుంది. ఏవి పోతున్నాయో ఆ జాబితాను చదివి, తరువాతే అనుమతి ఇవ్వాలి.

అర సెకను ఆలస్యం

తెలియని చోటి నుంచి వచ్చిన మూటను ఎలా నమ్మడం అనే ప్రశ్న సహజం. దీనికి డెబియన్ ఒక ఏర్పాటు చేసింది. భాండాగారపు జాబితాకు నిర్వాహకులు డిజిటల్ సంతకం చేస్తారు. ఆ జాబితా ద్వారా ప్రతి ప్యాకేజీకి ఒక గుర్తు సంఖ్య నిర్ధారితమవుతుంది. ప్యాకేజీలో ఒక్క అక్షరం మారినా ఆ సంఖ్య సరిపోలదు. ఆప్ట్ దాన్ని నిరాకరిస్తుంది. ఎక్కడో కనిపించిన ఆదేశాన్ని అర్థం తెలియకుండా సుడోతో నడిపితే ఈ రక్షణ ఉండదు. ఇంటి తాళాలను దారిన పోయేవారికి ఇచ్చిన దానితో అది సమానం.

అయితే సంతకం మూటను ఎవరు పంపారో చెబుతుంది గాని, పంపినవారి మనసును చెప్పదు. 2024లో జరిగిన ఒక సంఘటన దీన్ని లోకానికి చాటింది. ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనేది ఫైళ్ళను కుదించే ఒక చిన్న ప్యాకేజీ. అది అనేక లినక్స్ కంప్యూటర్లలో ఉంటుంది. దాన్ని ఏళ్ళ తరబడి స్వచ్ఛందంగా నిర్వహిస్తున్నవారికి సాయపడతానని మారుపేరుతో ఒక వ్యక్తి చేరాడు. సుమారు రెండేళ్ళు ఓపికగా పనిచేసి నమ్మకం సంపాదించాడు. చివరకు 5.6.0, 5.6.1 సంచికలలో దొంగ ద్వారాన్ని దాచాడు. అది అందరి కంప్యూటర్లకూ చేరి ఉంటే లోకమంతటా అసంఖ్యాకమైన సర్వర్లు పరాధీనమయ్యేవి.

దాన్ని పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు. ఆయన అప్పుడు దొంగ ద్వారాల కోసం వెతకడం లేదు. తన పనికి సంబంధించిన వేగాన్ని కొలుస్తున్నాడు. దూరపు కంప్యూటర్‌లోకి ప్రవేశించడానికి మామూలుకంటె సుమారు అర సెకను ఎక్కువ పడుతున్నట్లు గమనించాడు. అర సెకనే కదా అని వదిలిపెట్టలేదు. కారణాన్ని వెదుకుతూ వెళ్ళి దొంగ ద్వారాన్ని కనుగొన్నాడు. 2024 మార్చి 29న ఆ విషయాన్ని లోకానికి తెలిపాడు. డెబియన్ స్థిర సంచికకు ఆ ప్యాకేజీ అప్పటికింకా చేరలేదు. ప్రయోగ దశలోని సంచికలనుంచి వెంటనే తొలగించారు. సంతకాలు ఆపలేని ముప్పును ఒక మనిషి కొలిచే అలవాటు ఆపింది. మామూలుగా ఎంత ఉంటుందో తెలిసినవానికే మామూలు కానిది కనిపిస్తుంది.

అనుమతి - బాధ్యత

కాలువను నింపి కొలిచే ఉపకరణం, అనుమతి లేనిచోట వాడితే ఇతరుల కాలువను అడ్డగించే సాధనమవుతుంది. తన కంప్యూటర్ల మధ్య, లేదా యజమాని అంగీకరించినచోట మాత్రమే ఇటువంటి పరీక్షలు చేయాలి. భారతదేశంలో 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. అనుమతి లేకుండా కంప్యూటర్ నెట్‌వర్క్‌కు అంతరాయం కలిగించడం 43వ సెక్షను కిందకు వస్తుంది. దురుద్దేశంతో, మోసపూరితంగా చేస్తే 66వ సెక్షను ప్రకారం మూడేళ్ళ వరకు కారాగారం, లేదా ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఏమైనా సందేహం ఉంటే ముందుగా అడగడం, తరువాత పరీక్షించడం ఉత్తమ పద్ధతి.

కొలత ఇచ్చిన తీర్పు

ఇప్పుడు మొదట చెప్పిన ప్రయోగశాలకు తిరిగి రావచ్చు. ఒక విద్యార్థిని అధ్యాపకుని అనుమతితో ఐపెర్ఫ్3ను స్థాపించి, ఒక కంప్యూటర్‌ను సర్వరుగా చేసి, మిగిలిన ముప్పై తొమ్మిదింటిని ఒక్కొక్కటిగా పరీక్షించి పుస్తకంలో రాసిందనుకోవచ్చు. ముప్పై మూడింటికి 940 మెగాబిట్ల సమీపంలో సంఖ్యలు వచ్చాయి. మిగిలిన ఆరింటికి 94 మాత్రమే వచ్చాయి. ఆ సంఖ్య యాదృచ్ఛికం కాదు. 1,000 మెగాబిట్ల వేగానికి తీగలోని నాలుగు జతలూ కావాలి. 100 మెగాబిట్లకు రెండు జతలు చాలు. ఒక జత తెగినప్పుడు యంత్రాలు ఫిర్యాదు చేయకుండా తక్కువ వేగానికి దిగిపోవచ్చు. సరిగా పనిచేస్తున్న తీగను తెచ్చి ఆ ఆరింటిలో ఒకదానికి అమర్చగానే 940 కనిపిస్తే లోపం తీగదేనని రుజువవుతుంది. అప్పుడు కొనవలసినవి నలభై కంప్యూటర్లు కావు, ఆరు తీగలు. ఆరు తీగలు మార్చిన తరువాత కూడా బయటి ప్రపంచానికి వేగం తక్కువగానే ఉంటే, అప్పుడు ఇంటర్నెట్ సంస్థను అడగడానికి కళాశాల చేతిలో ఆధారం ఉంటుంది.

కొలత ఎవరి పక్షమూ వహించదు. అధ్యాపకుని మాటనూ, ఉద్యోగి మాటనూ, విద్యార్థి మాటనూ ఒకే తక్కెడలో తూచుతుంది. చేతికి వచ్చిన ఉపకరణాన్ని తెలిసి స్థాపించి, అనుమతితో వాడి, ఫలితాన్ని ఉన్నదున్నట్లు రాసి, పని ముగిశాక శుభ్రంగా తొలగించడం సాంకేతిక విద్యార్థికి అలవడవలసిన సంస్కారం.

కఠిన పదాలు - అర్థాలు

కొలబద్ద = కొలిచే సాధనం
జాప్యం = ఆలస్యం
భాండాగారం = వస్తువులను భద్రపరచే చోటు
నిదర్శనం = రుజువు
శ్రేయస్కరం = మేలు కలిగించేది
పరాధీనం = ఇతరుల వశంలో ఉన్నది
యాదృచ్ఛికం = అనుకోకుండా జరిగినది
తక్కెడ = త్రాసు

అభ్యాసం

అ. ఈ కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. ఐపెర్ఫ్3 ప్యాకేజీని స్థాపించి, నిర్వహించి, తొలగించే విధానాన్ని వివరించండి.
2. కొలిచే అలవాటు వల్ల కలిగే ప్రయోజనాలను పాఠంలోని సంఘటనల ఆధారంగా విశదీకరించండి.

ఆ. ఈ కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. జాప్యం, ప్రసార సామర్థ్యం, నష్టం అనే వాటి భేదాన్ని కాలువ పోలికతో తెలపండి.
2. పింగ్‌కు ఆ పేరు ఎలా వచ్చింది?
3. 1,000 మెగాబిట్ల తీగ మీద 940 మెగాబిట్లు మాత్రమే కనిపించడానికి కారణమేమి?
4. డిజిటల్ సంతకం దేనికి హామీ ఇస్తుంది? దేనికి హామీ ఇవ్వదు?

ఇ. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. పింగ్‌ను రచించినది ఎవరు?
2. ఐపెర్ఫ్3 సర్వరు ఏ ద్వారం వద్ద ఎదురుచూస్తుంది?
3. డెబియన్ అనే పేరు ఎలా ఏర్పడింది?
4. ప్యాకేజీతో పాటు అమరికల ఫైళ్ళను కూడా తొలగించే ఆదేశం ఏది?

ఈ. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. పనిలేని తలుపును తెరిచి ఉంచడం ఎవరికీ శ్రేయస్కరం కాదు.
2. మామూలుగా ఎంత ఉంటుందో తెలిసినవానికే మామూలు కానిది కనిపిస్తుంది.
3. కొలత ఎవరి పక్షమూ వహించదు.

ఉ. సంధులు
పరీక్షోపకరణం = పరీక్షా + ఉపకరణం - గుణసంధి
ప్రత్యుత్తరం = ప్రతి + ఉత్తరం - యణాదేశసంధి
భాండాగారం = భాండ + ఆగారం - సవర్ణదీర్ఘసంధి
ఏమైనా = ఏమి + ఐనా - ఇకారసంధి

ఊ. సమాసాలు
కార్యకారణాలు - కార్యమును, కారణమును - ద్వంద్వ సమాసం
ప్రయోగశాల - ప్రయోగం కొరకు శాల - చతుర్థీ తత్పురుష సమాసం
నాలుగు జతలు - నాలుగు సంఖ్య గల జతలు - ద్విగు సమాసం